కాటా చెప్పని బరువు

మా మేనల్లుడు టెక్సస్‌లో ఉంటాడు. పోయిన చలికాలం వాళ్లింట్లో రెండు నెలలున్నాం. ఒక శనివారం పొద్దున్నే వంటింట్లో పిండి తూచుకునే కాటా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. దాని మీద వేలి గోరంత స్క్రూ ఒకటి ఉంచి, "చూడు మావయ్యా, టైటానియం! ఉక్కుదైతే దీనికి ఇంచుమించు రెట్టింపు తూగుతుంది" అన్నాడు. కాటా మీద మూడు గ్రాములు పడింది. ఖరీదెంతరా అని అడిగితే జవాబు చెప్పలేదు, పొయ్యి దగ్గరున్న పెళ్లాం వంక ఓ చూపు చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత రైఫిల్‌నే తెచ్చి కాటా మీద అడ్డంగా పడుకోబెట్టాడు. ఏఆర్-15. సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క రౌండు పేలి, మరుసటి రౌండు దానంతటదే చాంబర్లోకి ఎక్కే రకం. 2 కిలోల 430 గ్రాములు. కొన్నప్పుడు మూడు కిలోలుండేదట. ఏడాది పాటు ఒక్కో భాగమే మారుస్తూ, ఉక్కు ఉన్నచోట అల్యూమినియం, అల్యూమినియం ఉన్నచోట కార్బన్ ఫైబర్, నిండుగా ఉన్నచోట చిల్లులు పెట్టుకుంటూ 570 గ్రాములు దించాడు. మనిషి ఒళ్లు తగ్గినా అంత సంబరపడడు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు సాయుధ పోలీసు బెటాలియన్‌లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల బాగోగులు చూసేవాడిగా చేశాను. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, రైఫిల్ చేతికొస్తే ముందు మ్యాగజైన్ తీయడం, బోల్టు లాగి చాంబర్లో వేలు పెట్టి చూడడం, ఆ తర్వాతే మాటలు. ఆ అలవాటు టెక్సస్ దాకా వచ్చింది. అది అయ్యాక, తూకం కోసం వాడు ఊడదీసిన లైటును మళ్లీ గొట్టం కొస దగ్గర బిగించమన్నాను. చూపుడు వేలు అడ్డంగా చాపి రైఫిల్‌ను దాని మీద నిలబెట్టాను. మామూలు ఏఆర్-15 మ్యాగజైన్ దూరే గూటి ముందు అంచుకు అటూ ఇటూగా నిలుస్తుంది. ఇది అక్కడ ఆగలేదు. ముందుకు తూలిపోయింది. మూడు వేళ్ల వెడల్పు ముందుకు జరిపితే గానీ నిలవలేదు. తూకం తగ్గిన రైఫిల్ మొగ్గు పెరిగిన రైఫిలై కూర్చుంది. "గురి పెట్టి పట్టుకో" అన్నాను. గోడ మీది గడియారం వైపు పట్టుకున్నాడు. నిమిషం తిరక్కుండానే ఎడమ చెయ్యి కిందికి దిగడం మొదలెట్టింది.

"ఇంత తేలికైంది కదా, చెయ్యెందుకు లాగుతోంది మావయ్యా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాడి చేత ఆ 570 గ్రాములు కోయించిన నమ్మకాన్ని ఖండించడం కోసం. రైఫిల్ ఎంత తేలికైతే అంత మంచిది, ప్రతి గ్రామూ లాభమే, బరువు దిగితే చేతి ఒడుపు దానంతటదే వస్తుంది అని ఒక నమ్మకం పాతుకుపోయింది. విడిభాగాలు అమ్మేవాళ్లకు అది అన్నం పెడుతోంది. ప్రకటనల్లో మొదటి అంకె అదే. షూటింగ్ రేంజిలో కుర్రాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. మన దగ్గర పత్రికల్లో జవాన్ల రైఫిళ్ల గురించి రాసేవాళ్లూ కిలోలు గ్రాముల దగ్గరే మొదలెట్టి అక్కడే ఆగిపోతారు.

ఈ వాదంలో నిజం లేకపోలేదు. మోసే వేళ ప్రతి గ్రామూ బరువే. మా బెటాలియన్ కుర్రాళ్లు నల్లమలలో కూంబింగ్‌కు వెళ్లి వచ్చి రైఫిళ్లు అప్పజెప్పేటప్పుడు భుజం మీద స్లింగ్ కోసుకున్న గీత చూపించేవాళ్లు. అప్పుడు మా కోత్‌లో ఉన్నది ఎస్సెల్లార్, అంటే 7.62 సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ఖాళీగా 4 కిలోల 300 గ్రాములకు అటూ ఇటూ. ఇరవై రౌండ్ల మ్యాగజైన్ పెడితే ఐదు కిలోలు. రెండో రోజు మధ్యాహ్నానికి అది పది కిలోలవుతుంది సార్ అనేవాళ్లు. నేను వాళ్లతో వాదించలేదు, ఇప్పుడూ వాదించను. భుజానికి వేలాడే రైఫిల్‌కు కాటాయే న్యాయమూర్తి. కానీ రైఫిల్ భుజానికి వేలాడడానికి పుట్టలేదు కదా. భుజం మీంచి చేతిలోకి వచ్చిన క్షణం నుంచి కాటా మాట చెల్లదు. బరువు ఎంత అన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎక్కడ అన్న ప్రశ్న ముందుకొస్తుంది. అది ఏ పని చేస్తోంది అన్న ప్రశ్న ఆ వెంటే ఉంటుంది.

అసలు ఆ కాటా చెప్పేదైనా నిజమా? వాడి 2 కిలోల 430 గ్రాములు దిసమొలతో ఉన్న రైఫిల్‌వి. మ్యాగజైన్ లేదు, స్కోపు లేదు, లైటు లేదు, స్లింగ్ లేదు. ముప్పై రౌండ్లు నింపిన మ్యాగజైన్ అర కిలోకు కొంచెం తక్కువ. వాడి స్కోపు, దాన్ని పట్టుకునే మౌంటు కలిపి 700 గ్రాములు. లైటు 130, స్లింగ్ 100. అన్నీ తగిలిస్తే 3 కిలోల 830 అయింది. పెళ్లిచూపుల ఫొటో ఒకటి, కాపురానికొచ్చిన పిల్ల ఇంకొకటి అన్నట్టుంది వ్యవహారం. మూడేసి గ్రాముల స్క్రూలు వెతుక్కుంటూ ఏడాది గడిపిన మనిషి, అందరూ పెట్టుకుంటున్నారని 700 గ్రాముల స్కోపును రెండో ఆలోచన లేకుండా నెత్తిన పెట్టుకున్నాడు.

ఇక 'ఎక్కడ' అన్న సంగతి. ఎడ్లబండి తోలిన ఇంట్లో పుట్టినవాడికి ఇది పాఠం చెప్పక్కర్లేదు. ధాన్యం బస్తాలు బండిలో ముందుకు సర్దితే కాడి ఎద్దుల మెడ నొక్కేస్తుంది. వెనక్కి సర్దితే కాడి పైకి లేచి మెడపట్టీ పీక పట్టేస్తుంది. బస్తాలు అవే, ఎద్దులు అవే. సర్దడంలోనే ఉంది నడక. గునపాన్ని నడిమిన పట్టుకుని వేలి మీద ఆడించే పిల్లాడు కూడా దాని చివర పట్టుకుని నేలకు సమంగా ఎత్తమంటే రెండు చేతులూ వేస్తాడు. గునపం బరువు మారలేదు.

లెక్కలో చెప్పమంటే చెబుతాను, కష్టమేం కాదు. రైఫిల్ వేలి మీద నిలిచే చోటును నిలకడ చుక్క అందాం. ఆ చుక్క నుంచి 40 సెంటీమీటర్ల ముందు, గొట్టం కొస దగ్గర 100 గ్రాములు ఉన్నాయనుకోండి. చుక్కకు 10 సెంటీమీటర్ల ముందు 400 గ్రాములు ఉన్నాయనుకోండి. చేతిని కిందికి లాగే విషయంలో రెండూ ఒకటే, ఎందుకంటే అక్కడ బరువును దూరంతో ఒకసారి హెచ్చిస్తాం. కానీ రైఫిల్‌ను ఒక గురి మీంచి ఇంకో గురి మీదికి తిప్పి, సరిగ్గా అక్కడ ఆపాలంటే దూరాన్ని రెండుసార్లు హెచ్చించాలి. అప్పుడు కొసనున్న 100 గ్రాములు, నడిమినున్న 400 గ్రాముల కంటే నాలుగు రెట్లు ఎదురు తిరుగుతాయి. కాటా మాత్రం నాలుగు వందలే ఎక్కువంటుంది, అదే తీసేయమంటుంది.

మావాడు చేసిందీ సరిగ్గా అదే. బట్‌లో 150 గ్రాములు కోశాడు. బట్ లోపలి గొట్టంలో అటూ ఇటూ తిరిగే బఫర్‌ను సగం చేశాడు. బోల్ట్ క్యారియర్‌లో వంద గ్రాములు తొలిపించాడు. ఇవన్నీ నిలకడ చుక్కకు వెనకున్న బరువులు. ముందుభాగంలో చెయ్యి ఆనే హ్యాండ్‌గార్డ్ ఒక్కటి తేలిక చేసి, ఆ మిగిలిందంతా కొసన తన్ను తగ్గించే పెద్ద మజిల్ బ్రేక్‌కీ, లైటుకీ ధారపోశాడు. వెనక్కాళ్లు నరికి ముందుకాళ్లకు కడియాలు తొడిగినట్టు. కాటా భేష్ అంది. చెయ్యి మాత్రం పడిపోయింది.

మరి బ్యారెల్ సన్నం చేస్తే సరిపోయేది కదా అంటారు. కొంత నిజమే, ఆ మాటకు తర్వాత వస్తాను. కానీ గొట్టం ఊరికే బరువుగా లేదు. అది వేడి దాచుకోవాలి, వంగకుండా నిలవాలి, పేలుడు ఒత్తిడిని పట్టాలి. గొట్టం వెలుపలి మందం ఆరో వంతు తగ్గిస్తే దాని బిగువు ఇంచుమించు సగానికి పడిపోతుంది. మందంతో బిగువు మామూలుగా పెరగదు, మందాన్ని నాలుగుసార్లు హెచ్చించినంత పెరుగుతుంది. సన్నటి గొట్టం మొదటి ఐదు రౌండ్లు ముచ్చటగా ఒకచోట పెడుతుంది. వెంట వెంటనే ఇరవై కాల్చాక కాయితం మీద గ్రూపింగ్ ఎలా విచ్చుకుంటుందో చూడాలి. సెమీ ఆటోమేటిక్‌తో వెంట వెంటనే కాల్చడమే కదా పని. బోల్టు చేత్తో లాగే వేట తుపాకీకి చెల్లిన సన్నదనం దీనికి చెల్లదు.

గొట్టం దగ్గర పిసినారితనం ఎంత దూరం తీసుకెళుతుందో ఈ ఏఆర్-15 వంశంలోనే ఒక కథ ఉంది. దీనికి పెద్దన్న ఏఆర్-10. యూజీన్ స్టోనర్ ఆర్మలైట్ కంపెనీలో ఉండగా తయారుచేశాడు. అల్యూమినియం రిసీవర్, ప్లాస్టిక్ బట్. 7.62 రౌండు కాల్చే రైఫిల్ మూడు కిలోలకు కాస్త పైన తూగడం 1956లో నోరు వెళ్లబెట్టే సంగతే. అమెరికా సైన్యం కొత్త రైఫిల్ వెతుకుతోంది. పరీక్షలకు పంపేటప్పుడు కంపెనీ అధ్యక్షుడు జార్జ్ సలివాన్ ఇంకా కొంచెం తేలిక చేద్దామని గొట్టానికి చేయి పెట్టాడు. లోపల సన్నటి ఉక్కు, బయట అల్యూమినియం తొడుగు. స్టోనర్ వద్దన్నాడు. వినలేదు. 1957 మొదట్లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో పరీక్ష జరుగుతుండగా ఆ గొట్టం పగిలిపోయింది. తర్వాత ఉక్కు గొట్టం పెట్టారు గానీ అప్పటికే పేరు పోయింది, కాలమూ మించిపోయింది. ఆ ఏడాదే సైన్యం ఎం14ను తీసుకుంది. గొట్టం ఒక్కటే కారణమని నేననను, ఏఆర్-10 చాలా ఆలస్యంగా వచ్చిన పోటీదారు. కానీ ఆ రైఫిల్‌ను తేలిక చేసిన తెలివైన పనులన్నీ గొట్టానికి దూరంగా జరిగాయన్నది గమనించాలి. స్టోనర్‌కు ఎక్కడ కోయాలో తెలుసు. ఆయన పైవాడికి ఎంత కోయాలో మాత్రమే తెలుసు.

మనకు దగ్గరి కథ ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బర్మా అడవుల కోసం బ్రిటన్ వాళ్లు లీ-ఎన్‌ఫీల్డ్‌ను కురచ చేశారు. నంబర్ 5 రైఫిల్, జంగిల్ కార్బైన్ అని పేరు పడ్డది. అది సెమీ ఆటోమేటిక్ కాదు, బోల్టు లాగేదే. కానీ నేర్పే పాఠం ఒకటే. నాలుగు కిలోల రైఫిల్‌ను 3 కిలోల 200కు దించారు. గొట్టం కురచ చేశారు, రిసీవర్‌లోనూ గొట్టం మొదట్లోనూ లోహం తొలిచారు. రౌండు మాత్రం పాత .303నే. భుజానికి గట్టి కిక్కు, కళ్లు మూసుకుపోయే మంట. కొసన గరాటు లాంటి ఫ్లాష్ హైడర్, బట్‌కు రబ్బరు ముక్క తగిలించినా తన్ను తగ్గలేదు. పైగా ఇవాళ సరిచేసిన జీరో, అంటే గురి అమరిక, రేపటికి ఉండదని ఫిర్యాదులు. మూడు నాలుగేళ్లలో తయారీ ఆపేశారు. అడవిలో మోయడానికి అంత హాయైన రైఫిల్ లేదని పాతవాళ్లు చెప్పేవాళ్లు. నమ్ముతాను. మోయడానికి.

తూకం పిచ్చికి ఇటువైపు అంచు ఇది. అటువైపు అంచూ ఉంది. ఎక్కడ పడితే అక్కడ బరువు పెంచే వాళ్లది. వియత్నాం నాటి ఎం16ఏ1 సన్నటి గొట్టంతో మ్యాగజైన్ లేకుండా 2 కిలోల 900 గ్రాములు ఉండేది. 1980ల్లో అమెరికా మెరైన్లు దాన్ని ఏ2గా మార్చినప్పుడు గొట్టాలు వంగిపోతున్నాయన్న అనుమానంతో మందం పెంచారు. ఎక్కడ పెంచారు? హ్యాండ్‌గార్డ్‌కు ముందున్న కొస భాగంలో. వేడెక్కే మొదలు దగ్గర, హ్యాండ్‌గార్డ్ కింద, పాత సన్నదనమే. ఆ పనిలో ఉన్నవాళ్లే తర్వాత చెప్పిన సంగతేమంటే, గొట్టాలు అసలు వంగనే లేదు. లోపల తోసి చూసే గేజీ, గ్యాస్ రంధ్రం దగ్గర పేరుకున్న తూటా లోహానికి తగిలి ఆగుతోంది. అది చూసి వంకర అనుకున్నారు. లేని రోగానికి, కాని చోట కట్టు. ఆ కట్టు ఎం4 మీదికీ, పౌరుల రైఫిళ్ల మీదికీ పాకి ఇప్పటికీ ఉంది. మా మేనల్లుడి రైఫిల్ గొట్టం కూడా ఆ తీరుదే. టైటానియం స్క్రూ కొన్నవాడు గొట్టం కొసన పనిలేకుండా కూర్చున్న ఆ ఉక్కును ఏడాదిలో ఒక్కసారీ అనుమానించలేదు. 15 సెంటీమీటర్ల మేర దాన్ని 19 మిల్లీమీటర్ల నుంచి 16కు చెక్కితే వంద గ్రాములు పోతాయి. సన్నం చేయడానికి ఈ గొట్టంలో తగిన చోటంటూ ఉంటే అది ఇదే. ఇందాక లెక్కలో చెప్పిన కొసనున్న వంద గ్రాములు ఇవే.

ఇప్పుడు తన్ను సంగతి. గుండూ, దాని వెనక మందు గాలీ ఎంత ఊపుతో ముందుకు పోతాయో అంత ఊపూ రైఫిల్ వెనక్కి పుచ్చుకోవాలి. అందులో బేరం లేదు. రైఫిల్ తేలికైతే వెనక్కి వచ్చే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే భుజానికి తగిలే శక్తి ఇంకా పెరుగుతుంది. మూడు కిలోలను 2 కిలోల 430 చేసినందుకు మావాడి రైఫిల్ తన్ను దాదాపు పావు వంతు పెరిగింది. అన్నీ తగిలించిన బరువు మీద లెక్కేస్తే ఆ తేడా ఏడో వంతుకు దిగుతుంది, నిజం దాచను. 5.56 రౌండు తన్ను అసలే చిన్నది, ఎవరి భుజమూ విరగదు. కానీ ప్రశ్న భుజానిది కాదు. పేలిన తర్వాత గురి చుక్క ఎంత లేచింది, ఎంత పక్కకు పోయింది, తిరిగి ఎప్పుడు వచ్చింది అన్నదే ప్రశ్న. రెండో రౌండు అక్కడ తేలుతుంది. మొదటి రౌండు ఎవడైనా కాలుస్తాడు.

తేలిక చేయడంలో అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది కదిలే భాగాల జోలికి పోవడం. బట్, హ్యాండ్‌గార్డ్ ఊరికే కూర్చునే బరువులు. బోల్ట్ క్యారియర్ కూర్చునేది కాదు, పనిమనిషి. మామూలు ఏఆర్-15లో బోల్టుతో కలిపి 330 గ్రాములుంటుంది. వెనకున్న బఫర్ 85 గ్రాములు. గొట్టంలోంచి వచ్చే పేలుడు గ్యాస్ తోస్తే ఇవి వెనక్కి పోయి, ఖాళీ కేసును లాగి పారేసి, స్ప్రింగు తోస్తే ముందుకొచ్చి, మ్యాగజైన్‌లోని రౌండును ఒరుసుకుని లాక్కుపోయి చాంబర్లో దూర్చి తాళం వేసుకోవాలి. మసి పట్టినా, నూనె ఎండినా, ఇసుక పడినా ఆ దూర్చే పని ఆగకూడదంటే వచ్చే వస్తువుకు ఊపుండాలి. ఊపంటే బరువూ వేగమూ. బరువు కోస్తే వేగం పెంచాలి. వేగం పెంచితే గొట్టంలో ఒత్తిడి తగ్గకముందే తాళం ఊడుతుంది. అది వద్దనుకుని గ్యాస్ తగ్గిస్తే ఊపు చాలదు. సన్నటి గట్టు మీద నడక.

మావాడు గట్టు మీద నడుస్తూ గ్యాస్ తగ్గించుకున్నాడు. ఆ మరుసటి వారం రేంజికి తీసుకెళ్లాడు. పొద్దున చలి, చేతులు కొంకర్లు పోతున్నాయి. చవగ్గా దొరికాయని తెచ్చిన ఇనప కేసుల రౌండ్లు, మందు కాస్త పలచన. మొదటి మ్యాగజైన్‌లో నాలుగు స్టాపేజీలు. ఒకసారి ఖాళీ కేసు బయటికి పోకుండా పళ్ల మధ్య పుల్లలా నిలబడిపోయింది. ఇంకోసారి బోల్టు ముందుకొచ్చింది గానీ రౌండును ఎక్కించుకోలేక సగంలో ఆగింది. వాడు ముందు మ్యాగజైన్‌ను తిట్టాడు, తర్వాత రౌండ్లను తిట్టాడు. పక్క లేన్‌లో ఎవరో పెద్దాయన ఏళ్ల నాటి మామూలు రైఫిల్‌తో అవే రౌండ్లు టకటకా కాలుస్తున్నాడు. నేనేమీ అనలేదు. ఆర్మరర్లకు ఇదొక దురలవాటు. రేంజిలో మౌనంగా ఉండి ఇంటికొచ్చాక మొదలెడతాం.

పోటీల్లో కాల్చేవాళ్లు తేలిక క్యారియర్లే వాడతారు కదా అని వాడు వాదించాడు. వాడతారు. తాము కాల్చే ఒకే రకం రౌండుకు గ్యాస్ సరిచేసుకుంటారు, ప్రతి పోటీకి ముందు తుడుచుకుంటారు, ఒక స్టాపేజీ వస్తే కొన్ని సెకన్లు పోతాయని తెలిసే ఆ జూదం ఆడతారు. వాళ్ల లెక్క వాళ్లకు సరిపోయింది. ఆ లెక్క తెలియకుండా భాగం ఒక్కటీ కొని తెచ్చుకునేవాడికే చిక్కు.

నాలుగు మాటలు తెలిసినవాళ్లు ఇంకో వాదం తెస్తారు. ముందు మొగ్గితే వెనక బట్‌లో సీసం పెట్టు, సరిపోతుంది అని. వేలి మీద సరిపోతుంది. కొసనున్న 100 గ్రాములకు జవాబుగా 25 సెంటీమీటర్ల వెనక 160 గ్రాములు పెడితే రైఫిల్ వేలి మీద బుద్ధిగా నిలుస్తుంది. ఇందాకటి తిప్పుడు లెక్కలో మాత్రం కొసన ఉన్నది 16 పాళ్లనుకుంటే, వెనకది మరో 10 పాళ్లు చేరి 26 పాళ్లవుతుంది. కావడి మోసేవాణ్ణి అడగండి. రెండు బిందెలూ సమంగా తూగితే నేరుగా నడవడం సుఖమే. సందు మలుపులో తిరగమంటే తెలుస్తుంది. రెండు చివర్లా బరువు మోస్తున్నవాడు గిరుక్కున తిరగలేడు, తిరిగితే ఆగలేడు. అందుకే బ్యాలెన్స్ అంటే వేలి మీద నిలవడం ఒక్కటే అనుకోవడమూ సగం తెలివే. బరువు నడిమికి, రెండు చేతుల మధ్యకు చేరాలి. ఎస్సెల్లార్‌లో మడిచే క్యారీయింగ్ హ్యాండిల్ ఉంటుంది, సరిగ్గా నిలకడ చుక్క మీదే. దాన్ని పట్టుకుని ఎత్తితే అంత పొడుగు రైఫిలూ నేలకు సమంగా వేలాడుతుంది. మ్యాగజైన్ దానికి దగ్గర్లోనే ఉంది గనక కాలుస్తున్న కొద్దీ రౌండ్ల బరువు తగ్గినా మొగ్గు పెద్దగా మారదు. బెల్జియం వాళ్లు ఆ రైఫిల్ గీసినప్పుడు కాటాను కాదు, చేతిని చూసి గీశారు.

అలాగని బరువే బలం అని మీసం తిప్పే పాతకాపుల పక్షమూ కాదు నేను. మా కోత్‌లోనూ ఉండేవాళ్లు, బరువైన రైఫిలే మగాడి రైఫిల్ అంటూ. వాళ్లు ఒలింపిక్స్ సాక్ష్యం తెచ్చేవాళ్లు. నిజమే, పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు నిబంధన ప్రకారం ఐదున్నర కిలోల దాకా అనుమతి ఉంది. ఆ హద్దుకు దగ్గరగా బరువు బిళ్లలు తగిలించుకునేవాళ్లే ఎక్కువ. గొట్టం మీద కూడా తగిలిస్తారు, కొస నిదానంగా కదలాలని. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఆ ఆటలోనే. కానీ ఆయన నిలబడిన తీరు చూశారా? ఎడమ మోచెయ్యి తుంటి మీద ఆనించి, నడుము వెనక్కి వంచి, రైఫిల్ బరువును ఎముకల మీదికి దించి, కదలని గురిని కొడతారు. అక్కడ నిదానమే పని. పరిగెత్తుకొచ్చి, మోకాలి మీద కూర్చుని, లేచి, పక్క గురికి తిరిగేవాడికి ఆ బరువు శిక్ష. ఇద్దరికీ ఒకే అంకె చెప్పేవాడు ఇద్దరిలో ఎవరినీ చూడలేదన్నమాట.

మన దగ్గర ఎస్సెల్లార్ తర్వాత ఇన్సాస్ రైఫిల్ వచ్చినప్పుడు తేలిక రైఫిల్ వచ్చిందని పత్రికల్లో రాశారు. 5.56 రౌండు పాత 7.62లో సగం బరువు, అది గొప్ప సంగతే, అదే బరువుకు రెట్టింపు రౌండ్లు మోయొచ్చు. రైఫిల్ మాత్రం మ్యాగజైన్ లేకుండా 4 కిలోల 150. ఎస్సెల్లార్‌కూ దానికీ తేడా కాటా మీద అర పావు కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా కొత్తగా చేతపట్టిన కుర్రాళ్లు దాన్ని తేలిక అనే అన్నారు. పొడుగు 18 సెంటీమీటర్లు తగ్గింది, తన్ను బాగా తగ్గింది, బరువు ఒంటికి దగ్గరగా జరిగింది. చెయ్యి తూచింది అదీ. తర్వాత ఆ రైఫిల్ మీద వచ్చిన ఫిర్యాదులు వేరు, అవి తూకానివి కావు. అయినా పత్రికల్లో చర్చ కిలోల చుట్టూనే తిరిగింది.

ఇంటికొచ్చాక గ్యారేజీలో కూర్చున్నాం. పాత క్యారియరూ పాత బఫరూ అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి, బిగించాం. గ్యాస్ వెనకటి చోటుకు తెచ్చాం. కొసనున్న పెద్ద బ్రేక్ తీసి రైఫిల్‌తో వచ్చిన చిన్న ఫ్లాష్ హైడర్ పెట్టాం. లైటు పగలు ఎందుకురా అంటే తీసి డ్రాయర్లో వేశాడు. బట్‌ను ఒక మెట్టు లోపలికి జరిపించాను. బట్ పొడుగైతే చెయ్యి చాచాలి, చాచిన చేతికి ప్రతి గ్రామూ రెట్టింపు. ఇది పైసా ఖర్చు లేని పని కాబట్టి ఏ ప్రకటనలోనూ ఉండదు. గొట్టం కొస చెక్కించే పని అక్కడి తుపాకీ మిస్త్రీకి అప్పజెప్పాడు, వారం తర్వాత వచ్చింది. వేలి మీద పెట్టాం. మ్యాగజైన్ గూటి అంచున నిలిచింది. గడియారం వైపు గురి పెట్టాడు. ఈసారి నిమిషం దాటినా చెయ్యి దిగలేదు. ఇటు తలుపు గొళ్లానికి తిప్పాడు, అటు కిటికీ మూలకు తిప్పాడు, ఆపినచోట ఆగింది.

బుద్ధి మాత్రం ఊరుకోదు కదా. "తూచి వస్తానుండు మావయ్యా" అని వంటింట్లోకి వెళ్లాడు. సంక్రాంతి రెండు రోజుల్లో ఉంది. కాటా మీద గిన్నె, గిన్నెలో అరిసెలకు తరిగిన బెల్లం. "ఇప్పుడు కాదు, పాకం పట్టాలి" అంది వాడి భార్య, వెనక్కి తిరిగి చూడకుండానే.